కూతుళ్లు దొరికే నాటకాలు

నార్తాంప్టన్‌లో ముసలివాళ్లను ఇళ్లకెళ్లి చూసుకునే కేరర్‌గా పనిచేసిన రోజుల్లో, రోటాలో, అంటే మా డ్యూటీల పట్టికలో, నా మధ్యాహ్నాలు ఒక అంకుల్ ఇంటికి పడేవి. గుంటూరు కాలేజీలో ఇంగ్లీషు పాఠం చెప్పి, ఈ ఇంగ్లీషువాళ్ల దేశం వచ్చాక ఇక్కడి బడిలోనూ అదే చెప్పి రిటైరయిన మనిషి. చూపు పోయింది. గుండె కూడా ఎక్కువ కాలం మోయదని జీపీ డాక్టరు చెప్పేశారు. మందులిచ్చి అన్నం పెట్టాక, నాలుగు వందల ఏళ్ల కిందటి ఒక నాటకకర్త నాటకాలు చదివి వినిపించడం నా పని కాకపోయినా నా పనే అయింది.

నేను బడికి వెళ్లలేదు. మా అమ్మే ఇంట్లో తెలుగు బైబిలు, ఇంగ్లీషు బైబిలు పక్కపక్కన పెట్టి చదువు చెప్పింది. వరసగా పేర్లే ఉన్న వంశావళి వచ్చినా ఒక్క వచనం దాటనిచ్చేది కాదు. దాటితే అధ్యాయం మళ్లీ మొదటినుంచి. ఆ చదువే నాకు అన్నం పెట్టింది, దేవునికి స్తోత్రం.

అంకుల్‌దీ అదే పట్టు. పుస్తకంలో అచ్చయిన వరస కాదు, ఆ నాటకకర్త బతికిన వరసలో చదవాలి. ముందు కుర్రతనపు నవ్వులాటలు. కొన్నాళ్లకు అతని కొడుకు చిన్నవయసులోనే పోయాడు. ఆ తర్వాత తండ్రి పోయాడు. నాటకాలు నల్లబడ్డాయి. ఆఖర్న, పోయారనుకున్న కూతుళ్లు తండ్రులకు మళ్లీ దొరికే కథలు.

"కొడుకు పోయాక కూడా నవ్వించాడా అంకుల్?" అని అడిగాను, ఒక సరదా నాటకం మధ్యలో.

"జనం టికెట్టు కొనుక్కుని నిలబడ్డారు కదమ్మా మరి."

జీవితానికీ రాతకీ అంత తిన్నని దారి లేదని, పండితులు దీని మీద కొట్టుకుంటారని ఆయనే అనేవారు. అంటూనే, ఉందనే నమ్మేవారు. ఎందుకో మెల్లగా తెలిసింది. ఆయన కూతురు బెల్‌ఫాస్ట్‌లో ఉంది. ఆమె పెళ్లికి ఆయన వెళ్లలేదు. అప్పట్నుంచీ మాటల్లేవు. ఆ ఆఖరి నాటకాల దాకా చేరితే అమ్మాయి తనంతట తనే వస్తుందని ఆయన ఆశ. నన్ను ఫోన్ చేయనిచ్చేవారు కాదు.

నాటకం అయిపోగానే అలవాటుకొద్దీ ఆమెన్ అనేదాన్ని. "ఇన్ని హత్యలయ్యాక కూడా ఆమెనేనా తల్లీ?" అని నవ్వేవారు.

నవంబరు వచ్చింది. నాలుగింటికే చీకటి. సాక్స్ విప్పితే ఆయన వాచిన కాళ్ల మీద పడ్డ గుర్తులు పోయేవి కావు. పేజీలు మెల్లగా నడిచేవి, ఊపిరి తొందరపడేది. తర్వాత చదవాల్సింది, చచ్చిపోయిన కూతుర్ని ముసలి రాజు చేతుల మీద మోసుకొచ్చే నాటకం. కథ ఆయనే చెప్పారు. అది వింటూనే వెళ్లిపోతారేమోనని నాకు భయం పట్టుకుంది. లోపల ప్రార్థన చేసుకుని, అది వదిలేసి, ఓడలో పుట్టి తప్పిపోయిన కూతురు దొరికే నాటకం తెరిచాను.

రెండు వాక్యాలకే చెయ్యెత్తారు.

"దాటేశావు."

"అవునంకుల్."

"నువ్వే దాటేశావంటే, నాకిక టైం లేదన్నమాట."

ఆయనే కూతురి నంబరు చెప్పారు, ఒక్కో అంకె కూడబలుక్కుంటూ. నేను ఫోన్ చేసి ఆమెకు విషయం చెప్పాను. వస్తానని మాత్రం అంది.

అంతదాకా పాత వరసలోకే వెళ్దామన్నారు అంకుల్. కాదనలేకపోయాను. ఆమె వచ్చేసరికి ముసలి రాజు నాటకం చివరి అంకంలో ఉన్నాం.

కోటు విప్పకుండానే నా కుర్చీలో కూర్చుంది. తండ్రిని పలకరించలేదు. నా చేతిలోంచి పుస్తకం తీసుకుని, "వేర్ ఆర్ యూ?" అంది. వేలు పెట్టి చూపించాను. సరిగ్గా ఆ పేజీయే. చచ్చిన బిడ్డను మోస్తున్న తండ్రి మాటలు ఆమె ఈ దేశపు యాసలో, ఎక్కడా ఆగకుండా చదివింది. దుప్పటి మీద ఆయన చెయ్యి తడుముకుంటూ వెళ్లి ఆమె కోటు అంచు పట్టుకుంది. ఆమె విడిపించుకోలేదు.

నాటకం అయిపోయింది. ఆయన ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరిగింది.

"ఇవాళ ఆమెన్ అనవా తల్లీ?"

నాకు ఆ మాట అనబుద్ధి కాలేదు. ఇంకా ఉన్నాయి అంకుల్ అని చెప్పి, వరసలో తర్వాతి నాటకం తీసి ఆమె ఒళ్లో పెట్టాను.