అందరూ తొడుక్కున్న కోటు

మా అమ్మకు కాలి బొటనవేలికన్నా పక్కవేలు పొడుగు. అలాంటి వేలున్న ఆడది మొగుడి మీద పెత్తనం చేస్తుందని మావైపు అంటారు. పెళ్లయిన నాటినుంచీ నాయనకు ఆ మాట భలే పనికొచ్చింది. పప్పులో ఉప్పు తగ్గినా, ఆళ్లగడ్డ బస్సు తప్పిపోయినా, "అంతా ఆ వేలు జేసిన పనే" అనేవాడు. "అది నాది గాదు, మా నాయనది. మాయమ్మ చెప్పింది" అంటూ అమ్మ కాళ్లు చీరలోకి లాక్కునేది.

ఆ నాయనను అమ్మ ఎరగదు. ఆయన ఆళ్లగడ్డలో రాతిబొమ్మలు చెక్కేవాడట. అమ్మ చేతుల మీది పిల్లగా ఉన్నప్పుడే పోయాడు. నంద్యాలలో కోటు తొడుక్కుని ఒక ఫోటో దిగాడనీ, ఇంట్లో ఉన్న ఆ ఒక్కదాన్నీ చెదలు తినేశాయనీ అవ్వ బతికున్నన్నాళ్లూ చెప్పేది. ఆయన ముఖం ఒక్కసారి చూడాలని అమ్మకు తీరని కోరిక.

రెండువేల సంవత్సరం దాటాక, నేను నంద్యాలలో కంప్యూటర్ పాఠాలు చెప్పుకుంటున్న రోజుల్లో, ఒక పాత ఫోటో స్టూడియో మూతపడింది. కప్పు కారి, పెట్టెల్లోని ఫోటోలు తడిసి అంటుకుపోయాయి. "పారెయ్యనూ లేను, పెట్టుకోనూ లేను. నీ కంప్యూటర్లో యాడన్నా దాచప్పా" అని యజమాని వాటిని నాకప్పగించాడు. అన్నిటినీ స్కాన్ చేసి, చిరిగిన ముక్కలను తెరమీద అతికించాను. వెనకవైపు ఊరి పేరే తప్ప మనిషి పేరు లేదు. అందుకని ప్రతి ఫోటోకూ, ఊరికీ, కుర్చీకీ, తొడుక్కున్న బట్టలకూ ఒక్కో చుక్క పెట్టి, సంబంధమున్న చుక్కలను గీతలతో కలిపాను. ఇప్పుడు దాన్ని నాలెడ్జ్ గ్రాఫ్ అంటున్నారు. అప్పట్లో అమ్మ దాన్ని చుక్కలు తప్పిన ముగ్గు అనేది. పేర్లు పెట్టడంలో అమ్మే నయం.

తాతను వెతకడానికి ముందుగా కోటు చుక్క నొక్కాను. నల్లకోటు, జేబు మీద చిన్న మాసిక. ఒక్కసారిగా గంపెడు గీతలు లేచాయి. అహోబిలం ఆయనకు అదే కోటు, నందికొట్కూరు ఆయనకు అదే కోటు, కొలిమిగుండ్ల పెళ్లికొడుక్కూ అదే. వీళ్లంతా ఒకే ఇంటివాళ్లయి ఉంటారని నేను పండితుడిలా ప్రకటించాను.

"రేయ్, ఇంతమంది నాయన్లను నేను యాడ పెట్టుకునేది?" అంది అమ్మ.

మరునాడు పెట్టెలు తిరిగివ్వడానికి వెళితే, స్టూడియో గోడకు మేకు మీద ఆ కోటే వేలాడుతోంది, మాసికతో సహా. ఫోటోకు వచ్చినవాళ్లకల్లా దాన్నే తొడిగేవారట. నా పాండిత్యం కూడా ఆ మేకుకే తగిలించి ఇంటికొచ్చాను. ఇక లాభం లేదని అమ్మకు చెప్పేశాను.

అమ్మ తెరముందు నుంచి లేస్తే కదా. "కోటిచ్చినోళ్లు కాళ్లియ్యలేదు గదరా. కాళ్లు సూపిచ్చు" అంది.

ఆళ్లగడ్డ చుక్కకూ కోటు చుక్కకూ కలిసిన ఫోటోలు మాత్రం తీసి, కాళ్లను పెద్దవి చేస్తూ పోయాను. పైన దొరబాబు కోటు, కింద ఉత్తకాళ్లు. చాలామందిది అదే వరస. ఒకచోట అమ్మ గబుక్కున నా చెయ్యి పట్టుకుంది. రెండు కాళ్లకూ పక్కవేలు బొటనవేలిని దాటి ముందుకొచ్చి ఉంది. బొమ్మను మెల్లగా పైకి జరిపాను. పంచె. సుత్తి దెబ్బకు చితికిన ఎడమచేతి బొటనగోరు. జేబు మీద మాసిక. ఆపైన, మీసం ఇంకా సరిగా రాని ముఖం.

"ఇంత పిల్లోడా మా నాయన!" అని అమ్మ ఏడ్చేసింది. నాకూ ఆగలేదు.

నాయన మా వెనక నిలబడి చూశాడు. ఆ తర్వాత కూడా బస్సులు తప్పాయి, పప్పులో ఉప్పు తగ్గింది. ఆయన మాత్రం వేలి మాట ఎత్తలేదు. కొన్నాళ్లు చూసి చూసి, ఒకరోజు అన్నం వడ్డిస్తూ అమ్మే అడిగింది.

"ఏందీ, నా వేలు నీకు కనపడతాండ్లేదా? అను. నువ్వు అంటాంటేనే మా నాయన ఇంట్లో ఉన్నట్టుంటాది."