కొట్టిందెవరో రాయి కొడుకా

మానుకోట బస్టాండ్ ముంగట నాది ఇడ్లీ బండి. పెనిమిటి పోయినంక దాని మీదనే బతుకుతున్న. అంకెలు తెలుసు, సంతకం వస్తది, ఇగ చదువంటే గంతే. అయినా జిల్లల ఏం జరిగినా నాకే ముందు తెలుస్తది. పేపర్లకు వార్తలు రాసే పోరగాండ్లందరు నా కాడనే తింటరు మరి. ఆల్లకొక అలవాటున్నది. ఒక్కడు ఫోన్ల వార్త కొడ్తడు, తక్కినోల్లు దాన్నే తమ తమ పేపర్లకు పంపుకుంటరు. తెల్లారి నాలుగు పేపర్లల్ల ఒకటే ముచ్చట, మాటలు సుత ఒకటే. నేను రోజు పేపర్ ఏపిచ్చుకుంట. చదువొచ్చినోడు దాన్ని పైకి చదవాలె, గది నా బండి కాడ కాయిదా, రూలన్నట్టు. చదివినోనికి ఒక గారె ఎక్కువ పెడ్త.

పోయినేడు గట్లనే ఒకటి చదివిన్రు. కూరల ఉప్పెక్కువైందని మొగడు పెండ్లాన్ని తల పగిలేటట్టు కొట్టిండంట. ఇగ తినేటోల్లందరు ఉప్పు ముచ్చటే. ఒకాయన మా ఇంట్ల సుత గట్లనే ఏస్తదన్నడు. ఇంకొకాయన చట్నీ నాకి, నీ చెయ్యి మంచిదవ్వా, నిన్నెవరు కొట్టరని నవ్విండు. ఆ పిల్ల తల పగిలిన సంగతి ఒక్కడు ఎత్తలె. నాకు గది నచ్చలె గని, తప్పెక్కడున్నదో చెప్పరాలె.

ఈ యేడు వానలు మొదలైనప్పుడు తెలిసింది. నా పక్క అర్రల ఒక పిల్ల కిరాయికుంటది. తల్లిగారిల్లు భూపాలపల్లి దిక్కు టేకుమట్ల. మొగడు ట్రాలీ ఆటో నడుపుతడు, చెయ్యి లేపుతడు. తండ్రికి ఫోన్ చేస్తే ఎప్పుడు ఒకటే మాటనంట, సర్దుకో బిడ్డా అని. ఆ రోజు పొద్దుగాల చెయ్యి ఏలాడేసుకుని నా బండి కాడికొచ్చింది. మణికట్టు ఉబ్బి బుడ్డలెక్కున్నది. బండిని పక్కన పండ్లమ్మేటాయనకు అప్పజెప్పి, ఆ పిల్లను ఆటోల ఏసుకుని దవాఖానకు ఉరికిన.

ఎముక ఇరిగిందన్నరు, కట్టు కట్టిన్రు. పోలీసోల్లొచ్చి రాసుకున్నరు. ఆల్ల ఎన్క మా రిపోర్టర్ పోరడొచ్చిండు, అందరికి రాసి పంచేటోడే. మంచం కాడ నిలబడి ఫోన్ల టిక్కు టిక్కుమని కొడ్తున్నడు. ఏం రాస్తున్నవు, పైకి చదువు, కాయిదా ఇక్కడ సుత ఉంటదన్న. నవ్వుకుంట చదివిండు. "భార్య ప్రవర్తనపై అనుమానం. కుటుంబ కలహాలతో వివాహితకు గాయాలు." కింద పిల్ల పేరు, మొగని పేరు, తల్లిగారి ఊరు.

పిల్ల మొకం తెల్లగయింది. "అవ్వా, గది మా బాపు ఫోన్లకు పోతది. గిట్ల చదివినంక ఆయన నన్ను గడప తొక్కనిస్తడా?"

నిజమే. మానుకోట పేపర్ ముక్క జనగామల మా చెల్లె ఫోన్లకే వస్తది, టేకుమట్లకు రాదా? ఆ పిల్లకు పోదామంటే తల్లిగారిల్లొక్కటే, దానికి సుత తాళం పడేటట్టున్నది.

పోరడు తల గోక్కున్నడు. నేనేం కల్పియ్యలేదవ్వా, పోలీసోల్లు చెప్పిందే రాసిన అన్నడు. పోలీసోల్లకెవరు చెప్పిన్రని అడిగిన. ఆమె మొగడన్నడు.

"కొట్టినోన్ని నమ్మి రాస్తున్నవు. దెబ్బ తిన్నది నీ ముంగట్నే పండుకున్నది. ఈమెను అడిగినవా? కొట్టిందెవరో రాయి కొడుకా, గాయాలు వాటంతటవే కాలె."

పోరడు మంచోడు. స్టూలు గుంజుకుని కూసున్నడు. అవుతల తోటి రిపోర్టర్లు మ్యాటర్ పంపు, మ్యాటర్ పంపు అని ఒకటే ఫోన్లు. కట్ చేసుకుంట, నీకు ఇష్టమైతేనే చెప్పక్కా అని అడిగిండు. పిల్ల చెప్పింది. అనుమానం ముచ్చట తీసేసిండు, పేర్లు తీసేసిండు, మల్ల పైకి చదివిండు. నేను ఖుషయిన. పిల్ల మాత్రం నొప్పిలనే నవ్వింది. "అన్నా, ట్రాలీ ఆటో, బస్టాండ్ ఎనక గల్లీ, టేకుమట్ల ఆడబిడ్డ అని ఉంచితే ఇగ పేరెందుకే? ఎవరన్న గుర్తుపడ్తరు." పోరడు నాలిక కరుసుకుని గవి సుత లేపేసిండు. కొట్టిండని ఆమె చెప్పినట్టు రాయాలె అవ్వా, కేసింక తేలలేదు కదా అని నాకు సమజ్ చేసిండు. గది నాకు తెల్వని ముచ్చట. ఇంట్ల దెబ్బలు తినే ఆడోల్లు ఎక్కడికి ఫోన్ చెయ్యాల్నో సుత కింద పెట్టిండు, నేను అడగకముందే. అన్ని అయినంక అందరికి పంపిండు.

తెల్లారి స్టవ్ ముట్టిచ్చిన గని నా కన్నంత రోడ్డు దిక్కే. పిండి ఇడ్లీ గుంతలల్ల కన్న స్టవ్ మీదనే ఎక్కువ పడ్డది. పోరడు నాలుగు పేపర్లు చంకల పెట్టుకుని ఉరికొచ్చిండు. పైకి చదివిండు. "చెయ్యి విరిగేలా కొట్టాడని భార్య ఫిర్యాదు. భర్తపై కేసు." మూడిట్ల గట్లనే వచ్చింది. నాలుగో దాంట్ల ఆఫీసోల్లు పైన 'కాపురంలో కలహం' అని తగిలిచ్చిన్రు. పోరని మొకం ఎర్రగయింది, ఫోన్ పట్టుకుని రోడ్డు మీదికి పోయి కొట్లాడుతున్నడు.

నేను తినేటోల్ల దిక్కు చూస్తున్న. ఎవరేమంటరో అని. ఒక మిర్చి రైతు ఇడ్లీ ముక్క నోట్లె పెట్టుకోకముందే అడిగిండు. "వాన్ని పట్టుకున్నరా?"

గంతే. పిల్ల ఏం చేసిందని ఒక్కడు అడగలె. గంతటి సంబురం నా జిందగిల ఎన్నడెరుగ. ఆయనకు గారె పెట్టిన, చదవకున్నా.

బండి పండ్లాయనకే ఇడిచి, పేపర్ పట్టుకుని దవాఖానకు ఉరికిన. పిల్ల చదువుకున్నది. మల్లా చదువుకున్నది. అవ్వా, పేపర్ సక్కగ పట్టుకో అని ఎడమ చేత్తోని ఫోటో తీసి తండ్రికి పంపింది. ఎన్క మాట సుత పంపింది.

"బాపు, గా పేపర్ల చెయ్యిరిగిన పిల్లను నేనే."

పేపర్ చెప్పనిది తనే చెప్పుకున్నది. ఇద్దరం ఫోన్ దిక్కే చూసుకుంట కూసున్నం. నర్సమ్మ వచ్చి ఏమైందని పరేషానయింది. ఫోన్ మోగంగనే పిల్ల ఎడమ చేత్తోని ఎత్తింది. తండ్రి గొంతు నాకు సుత ఇనవడ్డది.

"ఏ వార్డు బిడ్డా? నేను బస్సెక్కుతున్న."

పిల్ల ఏడ్చుకుంట ఫోన్ నా దిక్కు చాపింది. నేను తీసుకుని, గోడ మీదున్న వార్డు నంబర్ చూసి చదివిన. అంకెలైతే నాకొస్తయి కదా.