పిప్పరమెంటు మామ జేబు

ఒకటో తరగతి చదివే మా చిట్టెలుకను బడికి తీసుకెళ్ళే వ్యాను డ్రైవరుకు ఏదో ఒక పేరు ఉండే ఉంటుంది. ఇంతవరకూ ఎవరికీ దాంతో పని పడలేదు. పిల్లలకు ఆయన పిప్పరమెంటు మామ. నాకు అన్నయ్య. వాళ్ళావిడకు మాత్రం ‘ఏమండీ’. అందులో దీర్ఘం ఎంత సాగితే ఆయన అంత పెద్ద తప్పు చేశాడని అర్థం.

ఆయన చొక్కా జేబు ఎప్పుడూ ఉబ్బి ఉంటుంది. నిండా పిప్పరమెంటు బిళ్ళలు. ఆ జేబే లేకపోతే ఆ వ్యాను మా వీధి మలుపు కూడా దాటదు. కిటికీ పక్క సీటు కోసం జుట్లు పట్టుకున్నవాళ్ళకు చెరో బిళ్ళ. అమ్మ కావాలని రాగం తీసేవాళ్ళకు ఒకటి. బుద్ధిగా కూర్చున్నవాళ్ళు మాత్రం ఏం పాపం చేశారు, వాళ్ళకూ ఒకటి. అందరికీ పంచాక ‘మీకు తోడు’ అంటూ తనూ ఒకటి బుగ్గన పెట్టుకుంటాడు. ఆయనకు చక్కెర జబ్బని, ఇంట్లో తీపి డబ్బాలన్నీ వదిన బీరువాలో పెట్టి తాళం వేస్తుందని, ఆ ‘తోడు’ వెనక ఉన్న గుట్టు అదేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

పిల్లలు లేని మనిషి. వ్యాను తలుపు తియ్యగానే ‘మామా’ అంటూ మీద పడే ఆ మందను చూస్తే ఆయన ముఖం వెలిగిపోతుంది. నాకు కొంచెం కుళ్ళుగా కూడా ఉండేది. తొమ్మిది నెలలు మోసిందాన్ని నేను. మా పిల్ల సాయంత్రం చెప్పే కబుర్లన్నీ మామవి!

ఆ మధ్య బళ్ళో మత్తుమందుల గురించి చెప్పడానికి ఒక పెద్దాయనను పిలిచారు. పాపం, మంచాయనే. కాలేజీ పిల్లలకు చెప్పి చెప్పి అలవాటైన నోరు. ఒకటో తరగతి వాళ్ళ ముందు నిలబడి వ్యసనం, దుష్పరిణామం అంటూ మొదలుపెట్టి, తెర మీద పుర్రె బొమ్మ వేశాడట. ‘దాని ముక్కు ఎవరు కోసేశారు సార్?’ అని మా చిట్టెలుక అడిగిందట. ఇక మిగిలిన సమయమంతా ఆ ముక్కు విచారణకే సరిపోయింది.

ఆ సాయంత్రం ప్రశ్నలన్నీ వ్యాను ఎక్కాయి.

“మామా, మత్తుమందు అంటే ఏంటి?”

మామ గొంతు సవరించుకున్నాడు. “అదొక పాడు మందురా. అది తింటే ఒళ్ళు మేలుకునే ఉంటుంది గానీ బుర్ర నిద్రపోతుంది. ఇప్పుడు చూడండి, వ్యాను పోతూనే ఉంది, నేనేమో నిద్రపోయాను. ఎలా ఉంటుంది?”

భయంతో కెవ్వుమంటారనుకున్నాడు.

“భలే ఉంటుంది మామా! ఒక్కసారి నిద్రపోవా?”

“గుద్దుకుంటాంరా!”

“దేన్ని? ఐస్‌క్రీం బండినా?”

ఇలా లాభం లేదని ఆయన దారి మార్చాడు. “సరే, తెలియనివాడొకడొచ్చి బిళ్ళ ఇస్తే ఏం చేస్తారు?”

“తీసుకోం!” వ్యాను అదిరిపోయింది.

“శెభాష్!” అంటూ పొంగిపోయి, అందరికీ తలా ఒక పిప్పరమెంటు ఇచ్చాడు. అందరూ కాగితం విప్పి నోట్లో వేసుకున్నారు. తనూ వేసుకున్నాడు. ఆ తర్వాత వెలిగింది ఆయనకు.

మా గుమ్మం ముందు వ్యాను ఆపేసరికి ఆయన ముఖంలో నెత్తురుచుక్క లేదు. “అమ్మాయ్, అందరూ తీసుకున్నారమ్మా.”

“మీరిస్తే తీసుకోరా అన్నయ్యా?” నాకు నవ్వొచ్చింది.

“అదేనమ్మా నా భయం. ఏమిచ్చానో ఒక్కరూ చూడలేదు. తెలియనివాడి దగ్గర తీసుకోవద్దని ఊదరగొడుతున్నాం. పాడు బిళ్ళ ఇచ్చేవాడు కోరలు పెట్టుకుని వస్తాడా? నాలాగే నవ్వుతూ వస్తాడు. ముందు మంచి చేసుకుంటాడు. తర్వాతే ఇస్తాడు.”

నా నవ్వు ఆగిపోయింది. పెద్దవాళ్ళు ఏదైనా ఇస్తే వద్దనకూడదని, తీసుకుని థాంక్స్ చెప్పాలని తొడపాశం పెట్టి మరీ నేర్పింది నేనే.

మర్నాటి నుంచి వ్యానులో కొత్త చట్టం. ఇంట్లో అడగకుండా ఎవరిచ్చినా తినకూడదు, మామ ఇచ్చినా సరే. రోజూ ఆయన బిళ్ళ ఇవ్వబోవాలి, వాళ్ళు వద్దనాలి. మొదటి రోజు అందరూ ‘వద్దు మామా’ అన్నారు. ఆ సంతోషంలో మామ పప్పులో కాలేశాడు. వద్దన్నందుకు బహుమతిగా అందరికీ పిప్పరమెంట్లు పంచాడు!

ఆ పొరపాటు సర్దుకున్నాక చట్టం బాగానే పనిచేసింది. కాస్త ఎక్కువే పనిచేసింది. రాత్రి కంచంలో కాకరకాయ కూర వెయ్యబోతే మా చిట్టెలుక చెయ్యి అడ్డం పెట్టింది.

“ఇంట్లో అడక్కుండా తినకూడదు.”

“ఇల్లు నేనేనే!”

“నాన్ననడుగు.”

నాన్న గారు, ఎప్పటిలాగే, నాకు వ్యతిరేకంగా తీర్పిచ్చారు. జ్వరం మందు దగ్గరా అదే రగడ. డాక్టరు రాసింది, అమ్మ చేత్తో ఇచ్చేది, చెప్పినంతే తాగేది వేరని నచ్చజెప్పేసరికి నాకు జ్వరం వచ్చినంత పనైంది.

ఇంత ఆరిందా మామ దగ్గర మాత్రం ఓడిపోయేది. మొదటి రోజు అందరితో కలిసి వద్దంది గానీ, తర్వాత మిగతా పిల్లలంతా వద్దంటుంటే, ఇది ఒక్కతే చెయ్యి చాచేది. ఎందుకే అంటే కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది.

“వద్దంటే మామ బాధపడతాడమ్మా. మామంటే నాకిష్టం కదా.”

రేపు ఎవరో ఒకరి మీద ఇష్టం కలుగుతుంది. అప్పుడూ ఇలాగే చెయ్యి చాస్తే? ఆ మాట అన్నయ్యకు చెప్పాను. ఆయన జేబు తడుముకున్నాడు.

కొన్నాళ్ళకు ఒక పొద్దున్న చిట్టెలుక నన్నడిగి, మా ఇంటి డబ్బాలోంచి ఒక పిప్పరమెంటు తీసుకుని గుప్పిట్లో పట్టుకెళ్ళింది. వ్యాను మెట్టెక్కి మామ ముందు చెయ్యి చాచింది. “నీకే మామా. ఇప్పుడు నువ్వు తినట్లేదుగా.”

పంచడం ఆగాక ‘తోడు’ కూడా ఆగిపోయింది మరి. మామ ఆ బిళ్ళ వంక చూసిన చూపు నేను మర్చిపోలేను. గుటక మింగడం గుమ్మంలో ఉన్న నాకే కనిపించింది. చెయ్యి సగం దాకా వెళ్ళింది. వ్యాను మొత్తం కళ్ళప్పగించి చూస్తోంది.

“ఇంట్లో అడగాలి తల్లీ,” అన్నాడు నీరసంగా. ఫోను తీసి, అందరికీ వినపడేలా పెట్టాడు.

“ఏమే, మా పాప పిప్పరమెంటు ఇస్తోంది. తిననా?”

అవతల వదిన గొంతు అనుమానంగా పలికింది. “ఇదే మొదటిసారా?”

మామ నోరు తెరిచే లోపే వ్యాను జవాబిచ్చింది. “రోజూ తినేవాడు అత్తా!”

“ఏమండీ...!” ఆ దీర్ఘం వీధి చివరి దాకా వెళ్ళింది. “వద్దు. అంతే!”

మామ ఫోను జేబులో పెట్టుకున్నాడు. చిట్టెలుక గుప్పిట మూసి, దాని చేతిని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు.

“వద్దు తల్లీ. నువ్వంటే నాకు బోలెడంత ఇష్టం. బిళ్ళ మాత్రం వద్దు. బాధగా ఉందా?”

అది సీరియస్‌గా ఆలోచించింది. “కొంచెం ఉంది.” మళ్ళీ ఆలోచించింది. “పోయింది.”

మర్నాడు ఆయన ఎప్పటిలాగే అందరి ముందూ బిళ్ళ పట్టుకుని చెయ్యి చాస్తూ వచ్చి, చివరికి దాని దగ్గర ఆగాడు. నేను గుమ్మంలోంచి చూస్తున్నాను. చిట్టెలుక చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది.

“వద్దు మామా. నువ్వంటే బోలెడంత ఇష్టం. బిళ్ళ మాత్రం వద్దు.”

ఆయన బిళ్ళను జేబులో వేసుకుని సీట్లో కూర్చున్నాడు. ఎంతసేపటికీ బండి తియ్యడు. నాకు కంగారు పుట్టి కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఆయన కళ్ళు తుడుచుకుంటున్నాడు, నోరు మాత్రం చెవుల దాకా సాగి ఉంది.

“చూశావా అమ్మాయ్? నన్నే కాదంది!”

ఆ రోజు దారిలో ప్రతి గుమ్మం ముందూ వ్యాను ఆపి అదే మాట చెప్పాడట. పిల్లలందరూ బడికి ఆలస్యంగా చేరారు.