ఊటీకి పోని కిటికీ

ఆళ్లగడ్డలో శిల్పి రంగయ్య కొట్టంలోకి ఎవరు అడుగుపెట్టినా ఆయన ముందు బెంచీ చూపిస్తాడు, తర్వాత మజ్జిగ ఇప్పిస్తాడు, ఆ మజ్జిగ తాగేలోపు తన జీవితం మొత్తం వినిపిస్తాడు. గోస్పాడు బడిలో ఐదో తరగతి దాకా చదవడం, కంకర కొట్టడానికి ఆళ్లగడ్డ వచ్చి ఉలి పట్టడం, ఉయ్యాలవాడ దారిలో కల్యాణమండపం ముందు నిలబెట్టిన ఏనుగులు, బెలుం గుహలకు పోయే దారిలో హోటలు ముందున్న సింహాలు, గోస్పాడు చర్చి పునాదిరాయి మీది అక్షరాలు, అన్నీ వరసగా వస్తాయి. చివర మీసం మీద చెయ్యి వేస్తాడు.

"నా చేతికింద నుంచి పోయిన రాయి ఒక్కటీ తిరిగి రాలేదప్పా. ఈ బజారులో ఇంకొకరిని ఆ మాట అనమను, సూద్దాం."

"రాయికి కాళ్లుంటే కదా తిరిగొచ్చేది" అని లోపలి నుంచి ఆయన భార్య యశోదమ్మ అంటుంది. ఏళ్ల తరబడి అని అని, ఆ మాట కూడా ఆయన కథలో కలిసిపోయింది.

ఆ ఎండాకాలం ఆ బెంచీ మీదికి జ్యోత్స్న వచ్చింది. రంగయ్యతో పాటు గోస్పాడు బడిలో చదివిన ఏలీయాకు కూతురు. ఊటీలో టీచరు. అక్కడే ఒక పాత ఇల్లు కొనుక్కుంది. ఇల్లు చవగ్గానే దొరికింది కానీ కిటికీలు ఆమె ప్రాణం తీస్తున్నాయి. చెక్కలు నాని పుచ్చిపోయాయి, సందుల్లోంచి దూరే చలిగాలికి ఇంట్లో కూడా స్వెట్టర్ విప్పే వీలు లేదు.

"ఒక్కొక్క కిటికీ మార్చడానికి నలభై వేలంటాండారు పెద్నాయనా."

"నలభై వేలా! బంగారు చువ్వలేమన్నా పెడతారా?"

"చువ్వలు కాదు. ఒకదాని వెనక ఒకటి రెండద్దాలు పెడతారు. మధ్యలో గాలి ఉంచి మూసేస్తారు."

"అంటే గాలికి కూడా దుడ్లు తీసుకుంటాండారా?"

"గాలికే ఎక్కువంట."

అంతటి విడ్డూరం రంగయ్య ఎన్నడూ వినలేదు. ఆళ్లగడ్డలో కిటికీ పెట్టేదే గాలి రావడానికి. ఆ గాలిని అద్దాల మధ్య బంధించి అమ్ముతున్నారంటే వాళ్లు ఎంత తెలివైనవాళ్లో, కొనేవాళ్లు ఎంత అమాయకులో అనుకున్నాడు. అనుకుని అక్కడికక్కడే మాట ఇచ్చేశాడు.

"రాయి నానదు, పుచ్చదు. నల్లరాతితో చట్రం చేసిస్తా. ఒకే అద్దం బిగించుకో. సగం ఖర్చు కూడా కాదు. ముందు వంటింటికి ఒకటి పంపుతా, సూసుకో."

"చూసేదేముంది పెద్నాయనా, నీ రాయి తిరిగి రాదు కదా" అని ఆమె నవ్వింది. నవ్వు ఆపి మళ్లీ అంది. "నా దగ్గర ఉండేది ఒక్కసారి మార్చుకునేంతే. తప్పు కిటికీ పెట్టుకుంటే మళ్లీ తీసే శక్తి లేదు. అందుకే నీ దగ్గరికి వచ్చినా."

రంగయ్య మంచి రాయి ఎంచాడు. ఉలి మొనతో తట్టి, గంట మాదిరి మోగిన తర్వాతే పని మొదలుపెట్టాడు. చట్రం చుట్టూ మల్లెతీగ పారించాడు. నునుపు పట్టాక వీధివీధంతా వచ్చి చూసిపోయింది. పార్సెల్ లారీకి కూడా చెప్పేశాడు. కానీ ఆ ఒక్క మాట మాత్రం కంట్లో పడ్డ రాతిపొడి లాగా గరగరమంటూనే ఉంది. గాలికే ఎక్కువంట!

"గాలి చలిని ఎట్లా ఆపుతాదే?" అని యశోదమ్మను అడిగాడు.

"నన్నడిగితే? నువ్వు ఎన్నడన్నా చలి చూసినావా అసలు? సంక్రాంతికి కూడా బనీను మీదే తిరుగుతావు."

నిజమే. ఏనుగును చూసి ఏనుగును చెక్కాడు. చలిని చూడకుండానే చలికి కిటికీ చెక్కాడు. ఇక ఆయన కాలు నిలవలేదు. తనకు తెలిసినంతలో చలి ఉండేది ఒక్కచోటే: నంద్యాల ఊరి చివర, ఏలీయా పనిచేసే కోల్డ్ స్టోరేజీలో. మరునాడు పొద్దున్నే చట్రాన్ని, ఒక అద్దాన్ని ట్రాలీ ఆటోలో వేసుకుని పోయాడు.

ఏలీయా నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "ఏందిరా ఇది? నా పని ఊడగొట్టడానికి వచ్చినావా?"

"ఒక ఖాళీ గది చూపించు. ఇది నీ కూతురి కిటికీ."

కూతురి పేరు పనిచేసింది. మిరపకాయల ఘాటుకు తుమ్ముతూ హమాలీలు చట్రాన్ని ఒక చిన్న చలిగది వాకిట్లో నిలబెట్టారు. చుట్టూ సందులన్నీ గోనెసంచులతో కూరారు.

"అటు పక్క ఊటీ. మనం నిలబడింది జ్యోత్స్న వంటిల్లు" అన్నాడు రంగయ్య.

"వంటింట్లో ఉంటే టీ పెట్టు మరి. ఓనరు వచ్చేలోపు కానీ, బేగా."

ముందు అద్దం మసకబారింది. కాసేపటికి మల్లెతీగ ఆకుల మీద చుక్కలు లేచాయి. చుక్కలు కలిసి ధారలయ్యాయి. రంగయ్య తువ్వాలతో తుడిచాడు. మళ్లీ వచ్చాయి. ఎక్కడో చీలిక ఉందేమోనని ఉలి తీసి చట్రం నాలుగు పక్కలా తట్టాడు. గంట మాదిరే మోగింది. చీలిక లేదు. నీళ్లు మాత్రం నేల మీద మడుగు కడుతున్నాయి.

"నీ ఏనుగులు ఎన్నడన్నా ఇట్లా ఏడ్చినాయా రా?" అన్నాడు ఏలీయా.

రంగయ్యకు కోపం రాలేదు. ఆయన కళ్లు పక్కనే మూసి ఉన్న ఇంకో చలిగది తలుపు మీద ఉన్నాయి. ఇంతసేపూ చలికి, ఎండకు మధ్య నిలబడిందే అయినా దాని మీద చెమ్మ లేదు. అరచెయ్యి ఆనించాడు. చల్లగా కూడా లేదు.

"దీని కడుపులో ఏముండాది?"

"థర్మాకోలు."

"థర్మాకోలులో ఏముండాది?"

ఏలీయా మూలన పడి ఉన్న ముక్క ఒకటి తీసి విరిచాడు. తెల్లటి గింజలు రాలాయి. ఒక గింజను గోటితో నొక్కితే అణిగిపోయింది. "ఏముంటాది రా, గాలే."



రంగయ్య ఊర్లోకి పోయి ఇంకో అద్దం తెచ్చాడు. మొదటిదానికి కాస్త ఎడంగా, రబ్బరు పట్టీ మీద నిలబెట్టి అంచులు మూశాడు. వేచి చూశారు. ఇటువైపు అద్దం పొడిగానే ఉంది. రాయి మాత్రం కారుతూనే ఉంది. గాలి తన పని తాను చేస్తోంది. చలిని చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తెస్తున్నది తన రాయే.

"పంపితే ఏమయితాదో చెప్పనా?" అన్నాడు రంగయ్య. "నీ కూతురు తిరిగి పంపదు. మొహమాటం. పొద్దున్నే గుడ్డ పెట్టి తుడుచుకుంటాది. నా మాట నిలబడతాది."

ఏలీయా గోనెసంచులు ఒక్కొక్కటే లాగడం మొదలుపెట్టాడు. రంగయ్య ఫోన్ తీశాడు.

"పాపా, నా కిటికీ నీకు పనికిరాదు. ఆ గాలికే దుడ్లు కట్టు."

"నువ్వేనా పెద్నాయనా మాట్లాడేది?"

"నేనే. అన్నీ ఒకేసారి వద్దు. చలిగాలి కొట్టే పక్క ముందు మార్చుకో. చట్రం రాతిదైనా ఇనుముదైనా ఒప్పుకోవద్దు, చెమట పడతాది. చెక్కదే అడుగు, లేకుంటే ప్లాస్టిక్‌ది. ఎట్లా తెలిసిందంటావా? మీ నాయన చెప్తాడు, నేను రాయి తడి తుడుచుకోవాల."

చట్రం అదే ఆటోలో ఆళ్లగడ్డకు వచ్చింది. యశోదమ్మ వంటింటి గోడ పగలగొట్టించి దాన్ని కొట్టంవైపు పెట్టించుకుంది. అద్దం లేదు. మధ్యాహ్నం ఎండకు ఆమె ఆ చల్లటి రాతి మీద చెంప ఆనించి నిలబడుతుంది.

ఇప్పుడు బెంచీ మీద కూర్చున్నవాళ్లు ఏనుగుల దగ్గరికి, సింహాల దగ్గరికి రాకముందే ఆ మల్లెతీగను చూసి అడుగుతున్నారు.

"ఇంత పని చేసి ఇంట్లోనే పెట్టుకున్నావేంది? తిరిగొచ్చిందా?"

"తిరిగి రాలేదప్పా. నేనే పోనియ్యలేదు. గాలిని దుడ్లు పెట్టి కొనే ఊరొకటి ఉండాది, తెలుసునా నీకు? కూర్చో, చెప్తా."

కిటికీలోంచి యశోదమ్మ చెయ్యి ఇంకో గ్లాసు మజ్జిగ అందిస్తుంది. ఈ కథకు ఒక గ్లాసు చాలదు.