మొదటి బస్తా

హోళీ పోయాక వచ్చిన మంగళవారం, పొద్దున ఎనిమిదింబావుకు నేను నిజామాబాద్ మార్కెట్ యార్డు గేటు దాటాను. సైకిల్ తొక్కుతూ కాదు, నెట్టుకుంటూ.

మా ఊరు బోధన్ రోడ్డు మీద, ఎడపల్లి దాటాక. ఒకప్పుడు ఇదే సైకిల్ మీద బోధన్ పోయి చెరుకు బండ్లు దించేవాణ్ణి. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక హ్యాండిల్ ఇటు తిప్పాను. పసుపు బస్తాలు మోసే హమాలీ ముఠాలో చేరాను. అక్షరాలు నాకు నలభై దాటాక రాత్రి బడిలో వచ్చాయి. కొత్తలో దారి పొడుగునా బోర్డులు కూడబలుక్కుంటూ తొక్కేవాణ్ణి. ఇప్పుడన్నీ ప్లాట్లు అమ్మే బోర్డులే. చదవడానికి ఏమీ లేదు.

మా ముఠాలో ఒక పద్ధతి. పొద్దున మొదటి బస్తా వయసులో పెద్దవాడే ఎత్తాలి. అతను కొక్కెం కళ్లకద్దుకుని బస్తా వీపు మీదికి తీసుకున్నాకే మిగతావాళ్లు చెయ్యి వేస్తారు. కొన్నేళ్లుగా ఆ పెద్దవాణ్ణి నేనే. ఆ తర్వాత ఎంత నెమ్మదిగా మోసినా నన్నెవరూ ఏమీ అనరు. సాయంత్రం వాటా అందరికీ సమానం. ముఠాలో నాకింకా చోటుందంటే ఆ ఒక్క బస్తా వల్లే.

ఆ రోజు ఎదురుగాలి. మోకాలు వంగడం లేదు. జానకంపేట దగ్గర మా మేనల్లుడు మోటర్ సైకిల్ ఆపాడు. వాణ్ణి ముఠాలోకి తెచ్చింది నేనే.

"మామా, ఎనక కూసో. గిట్ల తొక్కితే నువ్వచ్చేవరకు యార్డు బందైతది."

"సైకిల్ ఏడ పెట్టాలెరా, నీ నెత్తి మీదనా?"

"గా దుకాణం కాడ పెట్టు. గా పాత ఇనుము ఎవడెత్కపోతడు?"

"పో పో. బస్తా ఆపుమను, అస్తున్న."

"ఆపుతరు తియ్ మామా," అని పోయాడు.

ఆపుతారనే నమ్మాను. ఇన్నాళ్లూ ఆపారు. అది మర్యాద అనుకున్నాను. అంతమంది పని మానుకుని, గేటు వైపు చూస్తూ కూర్చుంటున్నారన్న ఆలోచన నాకు రాలేదు.

నేను పోయేసరికి లారీ సగం నిండింది. మేనల్లుడు వీపు మీద బస్తాతో నా పక్క నుంచే పోయాడు. ముఖం అటు తిప్పుకున్నాడు. ముఠాను నడిపే మేస్త్రీ, నాకంటే చిన్నవాడు, దగ్గరికి వచ్చాడు.

"కాకా, సేటు లొల్లి పెట్టిండు. మొదటిది నీ అల్లునితోని ఎత్తిచ్చినం. మీ ఇంటోడే గద."

"మంచిగయింది. జరుగు, ఇగ నేనెత్తుత."

"వద్దు కాకా. గింత దూరం తొక్కి తొక్కి పాణం మీదికి తెచ్చుకుంటవ్. ఇంటికాడ ఉండు. సీజనయ్యేదాంక నీ వాటా ఇంటికే అస్తది. అల్లుడు తెస్తడు."

మా ముఠాలో వాటా ఇంటికి పంపేది చనిపోయిన హమాలీకే. సీజన్ ముగిసేదాకా అతని భార్య చేతిలో పెడతారు. జ్వరమొచ్చి పడుకున్నవాడికి కూడా పంపరు. ఆ సంగతి మేస్త్రీకి తెలుసు. దయతోనే అన్నాడు, అందుకే తిట్టడానికి నాకు నోరు రాలేదు.

"నేనింక సావలేదురా," అన్నాను.

"గట్లెందుకంటవ్ కాకా," అని అతను లారీ వైపు పోయాడు.

ఇప్పుడు కూడా తెల్లారకముందే మెలకువ వస్తుంది. అటు పోతే ఫ్యాక్టరీ లేదు, ఇటు పోతే బస్తా లేదు. వాటా మాత్రం వస్తోంది. మా ఇంట్లో పొయ్యి వెలిగేది దానితోనే. తెచ్చిచ్చి మేనల్లుడు గడప అవతలి నుంచే వెళ్లిపోతాడు.

ఆ రోజు అక్కడ ఉన్నది మేస్త్రీ, మా మేనల్లుడు, ముఠాలోని మిగతా హమాలీలు, కాంటా దగ్గర గుమాస్తా, తొందరపెట్టిన సేటు, లారీ డ్రైవరు, రాలిన పసుపు ఊడ్చే అవ్వ, చాయ్ అమ్మే ఆమె, నేను. ఆ వాటా వద్దని ఒక్కరూ అనలేదు. నేను కూడా అనలేదు.