కారుకి కుట్టిన గోడ

మెడలో టేపు లేకుండా టైలరమ్మను చూసినవాళ్ళు ఆ వీధిలో లేరు. పెళ్ళికి వెళ్ళినా గొలుసు మీద టేపు, ఆసుపత్రికి వెళ్ళినా టేపే. మనిషి గుమ్మంలోకి అడుగు పెడితే ఆమె మొహం చూడదు, భుజాలు చూస్తుంది. "ఎడమ భుజం ఒక నూలు దిగింది. సంచి ఆ చేత్తో మోస్తున్నావా?" అని అడిగాకే కూర్చోమంటుంది. బడికి వెళ్ళింది మూడేళ్ళు. అంకెలు వచ్చేశాయి కదా, ఇంక అక్కడేం పనని మానేసింది. ఆ అంకెలతోనే నలభై ఏళ్ళపాటు వీధి వీధంతటికీ బట్ట తొడిగింది.

ఆమెకున్న గర్వమల్లా ఒకటే. కుట్టిన కుట్టు విప్పి ఎరగదు. ఎవరైనా జాకెట్టు పట్టుకొచ్చి బిగువైందని అంటే చాలు, కళ్ళజోడు ముక్కు మీదికి దించి, "బట్ట నేను కొలిచినట్టే ఉంది. నువ్వే మాట తప్పావు" అనేది. వాళ్ళు సిగ్గుపడి ఇంటికి వెళ్ళి, నెల రోజులు తిండి తగ్గించి ఆ జాకెట్టులోకి దూరేవారు. అంతేగాని రెండోసారి అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

ఆమె భర్త డ్రైవరు. ముప్పై అయిదేళ్ళు ఎవరెవరివో కార్లు తోలాడు. సాయంత్రం వాళ్ళ కారు వాళ్ళ షెడ్డులో పెట్టి, తుడిచి, తాళంచెవి వాళ్ళ గోడ మేకుకి తగిలించి, తను మాత్రం బస్సులో నిలబడి ఇంటికొచ్చేవాడు. పని మానేశాక తనకంటూ ఒక పాత కారు కొనుక్కున్నాడు. నీలం రంగుదని అమ్మినవాడు చెప్పబట్టి తెలిసింది గాని, చూస్తే తెలిసేది కాదు. దాన్ని వీధిలో పెట్టి, చినుకు పడితే చాలు, గొడుగు తీసుకెళ్ళి దాని మీద పట్టుకొని నిలబడేవాడు. తను తడిసేవాడు, కారు పొడిగా ఉండేది. ముందుభాగం మాత్రమేననుకోండి, గొడుగు ఎంతకని వస్తుంది?

రెండు వానలు చూసింది టైలరమ్మ. మూడో వానకి కుట్టు మిషను వదిలి వీధిలోకి వచ్చింది.

"ఇంక గొడుగు మడవండి. దానికి నేను చొక్కా కుట్టిస్తా" అంది.

చొక్కా అంటే షెడ్డు. ఇంటి పక్కగోడకూ హద్దుగీతకూ మధ్య ఆరడుగుల సందు ఉంది. హద్దుకు అవతల తోటికోడలి ఇల్లు. ఒకప్పుడు అన్నదమ్ములిద్దరూ ఉన్న స్థలాన్ని చెరిసగం చేసుకుని, మధ్యలో నాలుగు రాళ్ళు పాతి ఊరుకున్నారు. గోడ కట్టలేదు. అన్నగారు పోయి అయిదేళ్ళయింది. ఇప్పుడు ఆ ఇంట్లో ఉన్నది ఆయన భార్య, బస్సు కండక్టరుగా చేసి దిగిన మనిషి. ఆవిడ బస్సు దిగింది గాని గొంతు దిగలేదు. గుమ్మంలో నిలబడి పాలవాణ్ణి కేకేస్తే వీధి చివర బస్సు ఆగేది.

మేస్త్రి వచ్చి దారం పట్టిన రోజునే కండక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ రాళ్ళ దగ్గరికి వచ్చింది.

"ఏమే చెల్లీ, గోడంటగా? గీత మీదే కట్టించు. సగం మందం నీ వైపు, సగం నా వైపు. ఉమ్మడి గోడ. నీకు నాలుగున్నర అంగుళాలు కలిసొస్తుంది."

"ఉమ్మడీ వద్దు, కలిసిరావడమూ వద్దక్కా. ఇవాళ సగం నీదంటావు, రేపు దాని మీద నీ దుప్పట్లు ఆరేస్తావు. నేను నోరెత్తితే నా సగం మీదే ఆరేశానంటావు. నా గోడ నా గీత లోపలే లేస్తుంది. నీ వైపుకి నూలుపోగు కూడా రాదు."

"ఇరుకవుద్దే పిచ్చిదానా!"

"నలభై ఏళ్ళు కొలిచా. ఇరుకు సంగతి నాకు చెప్పకు. ఈ గోడలోంచి ఒక్క ఇటుక తిరిగి తీయాల్సొస్తే, ఆ రోజే నీ గడప తొక్కి, 'అక్కా, నా కొలత తప్పింది' అని చెప్తా. సరేనా?"

"మేస్త్రీ, విన్నావుగా!" అంది కండక్టరమ్మ. మేస్త్రి వినడమేమిటి, పై వీధివాళ్ళు కూడా విన్నారు.

ఇక కారు కొలతలు. టైలరమ్మ దాన్ని వాకిట్లో నిటారుగా నిలబెట్టించింది. కారు నిటారుగా కాక ఎలా నిలబడుతుందని డ్రైవరు అడగబోయి ఆగాడు. తలుపులన్నీ మూయించింది. పక్క అద్దాలు మడిపించింది. "చేతులు దించుకుని నిలబడితేనే కొలత సరిగ్గా వస్తుంది" అంటూ ముందు నుంచి, వెనక నుంచి, నడుము దగ్గర టేపు పెట్టింది. వెడల్పు నాలుగడుగుల తొమ్మిదంగుళాలు. సందు ఆరడుగులు, గోడ తొమ్మిదంగుళాలు. పోగా అయిదడుగుల మూడంగుళాలు. అంటే అటు మూడంగుళాలు, ఇటు మూడంగుళాలు లూజు.

"చూశావా మేస్త్రీ? దేవుడు కొలిచి ఇచ్చినట్టుంది" అంది.

మేస్త్రి చెవి మీది పెన్సిలు తీసి బుర్ర గోక్కున్నాడు. "అది సరేనమ్మా, మరి మనిషి..."

"మనిషికి కాదయ్యా, కారుకి. నేను కొలుస్తున్నది కారుని."

"అదేనమ్మా, కారు లోపలికి వెళ్ళాక మనిషి..."

"నీ పని ఇటుక పెట్టడం. కొలత నాది."

మేస్త్రి మూడోసారి అడగలేదు. అతని భార్య బట్టలు కుట్టేది కూడా టైలరమ్మే. ఎదురు మాటంటే నెల్లాళ్ళ పస్తేనని ఇంట్లో చూసినవాడు. తాపీ తీసుకుని సిమెంటు మాలు పరిచాడు.

గోడ లేచింది. ఎంత తిన్నగా లేచిందంటే, తూకంగుండు దాని పక్కన వేలాడదీస్తే గుండుదే వంకర అనిపించింది. గోడకు పైన గాలికి మూరెడు సందు వదిలి రేకులు పడ్డాయి. వీధి ఎత్తు, సందు పల్లం కాబట్టి లోపలికి జానెడు వాలుతో గచ్చు చేశారు. అయిదు రోజులు తడిపి ఆరనిచ్చారు. ఆరో రోజు పొద్దున్న డ్రైవరు గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కారెక్కాడు. టైలరమ్మ షెడ్డు గుమ్మం పక్కన నిలబడింది. గోడ అవతల స్టూలెక్కి కండక్టరమ్మ తల పెట్టింది.

"రైట్... రైట్... పోనీ... పోనీ... హోల్డాన్!"

ఎవరూ అడగలేదు. అయినా ముప్పై ఏళ్ళ నోరు ఊరుకోదు కదా.

మరిది కూడా తక్కువవాడు కాదు. అద్దాలు మడిచి, అటు మూడంగుళాలు, ఇటు మూడంగుళాలు, ఒక్క గీత పడకుండా కారును లోపలికి జార్చాడు. ఒరలో కత్తి దూరినట్టు దూరింది. ఇంజను ఆపాడు. టైలరమ్మ తల ఎత్తి గోడ మీది తలను చూసింది. ఆ చూపు చూడ్డానికే ఈ వారం రోజులూ బతికిందా అన్నట్టు చూసింది.

అప్పుడు డ్రైవరు తలుపు తీశాడు.

టక్.

మూడంగుళాలు తెరుచుకుంది. రెండోవైపు తలుపు. టక్. ఇంకో మూడంగుళాలు. గోడ మీద కండక్టరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పెట్టుకున్నా స్టూలు ఊగిన చప్పుడు వినపడుతూనే ఉంది.

"ఏమేవ్" అన్నాడు డ్రైవరు లోపలి నుంచి మెల్లగా. "దిగేదెట్లా?"

మేస్త్రి పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు. "నేనడిగింది అదేనమ్మా."

"వెనక్కి తియ్యి మరిదీ! రివర్స్! రైట్ రైట్!" అంది కండక్టరమ్మ.

"తీయొద్దు!" అంది టైలరమ్మ. వెనక్కి తీస్తే ఇరుకని ఒప్పుకున్నట్టే. "అక్కడే కూర్చోండి. ఇప్పుడే కదా వెళ్ళారు, తొందరేంటి? కారన్నది కూర్చోడానికి కాకపోతే దేనికి?"

"కారుకి షెడ్డు కట్టావా, మొగుడికి జైలు కట్టావా?" అని గోడ మీంచి ప్రశ్న.

"నా మొగుడు, నా ఇష్టం!"

ఆలోచించడానికి ఆమెకు వ్యవధి కావాలి. కారును మనిషి లేకుండా లోపలికి దొర్లిద్దామంది. దొర్లిస్తాం సరే, రేపు మళ్ళీ ఎక్కేదెట్లా అన్నాడు మేస్త్రి. ఇంటి గోడ చెక్కుదామంది. చెక్కితే ఇల్లు కూర్చుంటుందన్నాడు. ఈలోపల డ్రైవరుకి టీ ఇవ్వాలి కదా. మనిషి ఆ సందులో పట్టదు. కారు వెనక నిలబడి, పొడుగాటి అట్లకాడ మీద గ్లాసు పెట్టి, సందులోకి చేయి చాపి, దించిన పక్క అద్దంలోంచి అందించింది. సగం టీ సీటు తాగింది. మిగతా సగం ఆయన తాగి, ఇంకోటి అడిగాడు. తర్వాత ఇంకోటి. రేడియో పెట్టుకున్నాడు. పాతపాటలు వస్తున్నాయి. ఆయన తల ఊపుతున్నాడు.

"పోనీలే, మీరైనా సుఖంగా ఉన్నారు" అంది కసిగా.

"బాగుందే" అన్నాడు. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, పైన రేకుల్ని చూస్తూ. "చాలా బాగా కుట్టించావు. ముప్పై అయిదేళ్ళు ఎవరి షెడ్డులోనో దిగి బస్సులో నిలబడి వచ్చా. ఇందులో దిగలేకపోయినా ఇది నాదే. ఆ సంతోషం చాలు."

ఎగతాళి చేస్తున్నాడా అని ఆమె అద్దంలోంచి ఆయన మొహం చూసింది. ఎగతాళి లేదు. అదే ఆమెకు గుచ్చుకుంది.

మధ్యాహ్నం అయింది. రేడియో గొంతు సన్నబడింది. ఇంకా సన్నబడింది. ఆగిపోయింది. డ్రైవరు తాళం తిప్పాడు. కారు ఒకసారి దగ్గి ఊరుకుంది. బ్యాటరీ ఖాళీ. వాలు లోపలికి ఉంది కాబట్టి దొర్లి బయటికి రాదు. మేస్త్రి, టైలరమ్మ కలిసి వెనక బంపరు పట్టుకుని లాగారు. బంపరు వచ్చింది, కారు రాలేదు.

"ఏమేవ్" అన్నాడు డ్రైవరు. ఈసారి గొంతు వేరుగా ఉంది. "మూడు టీలు తాగానే."

"అయితే?"

"అయితే ఏంటి, అయితే! నా వయసు కూడా టేపు పెట్టి కొలవాలా? త్వరగా చూడు!"

ఇప్పుడు దారి ఒక్కటే. గోడ పగలాలి. అది కూడా అటువైపు నుంచి, అటువైపుకే. ఇటు నుంచి కొడితే ఇటుకలు ఎక్కడ పడతాయి? టైలరమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. నలభై ఏళ్ళలో రెండోసారి కొలవని మనిషి, ఆ నాలుగు రాళ్ళు దాటి తోటికోడలి గడప తొక్కింది.

కండక్టరమ్మ అప్పటికే కుర్చీ వేసుకుని కూర్చుంది.

"అక్కా."

"ఊఁ."

"అదీ..." టైలరమ్మ గోడకి చెప్పినట్టు చెప్పింది. "కొలత తప్పింది."

"వినపడలా. బస్సుల్లో చెవులు పోయినయ్యే నాకు."

"కొలత తప్పిందక్కా! ఆయన తలుపు తీసుకోడానికి జాగా కావాలి! నీ వైపు నుంచి ఒక అడుగున్నర! ఇస్తావా?"

ఈ మాట కూడా పై వీధివాళ్ళు విన్నారు. కారులోంచి డ్రైవరు, "వదినా, తొందరగా ఇవ్వు వదినా!" అని అరిచింది మాత్రం ఇంకా దూరం వినపడింది.

కండక్టరమ్మ లేచింది. ఇప్పుడు ఏమంటుందోనని టైలరమ్మ పళ్ళు బిగబట్టుకుంది. ఒక మాట అంటే పది మాటలు తయారుగా పెట్టుకుంది కూడా.

"కిక్కిరిసిన బస్సులో ఇంకొక్కణ్ణి ఎక్కించినదాన్ని, మరిదికి అడుగున్నర ఇవ్వలేనా? మేస్త్రీ! ఆ మూల పూలకుండీ జరిపి కొట్టు!"

మేస్త్రి తలుపెంత మేర గుర్తు పెట్టి, పై ఇటుకలు జారకుండా దిమ్మె ఆనించి, ఇటుక వెనక ఇటుక తన వైపుకి లాగాడు. మూడో వరసకి డ్రైవరు ముక్కు కనిపించింది. అయిదో వరసకి చేయి. ఇంకాస్త జాగా కాగానే మనిషి మాలు పొడి పూసుకుని తెల్లగా బయటపడి, వదినకి దండం పెడుతూనే ఆవిడ ఇంట్లోకి పరుగెత్తాడు. "ఎడమవైపు తలుపు!" అని వదిన వెనక నుంచి కేకేసింది.

తేలిగ్గా తిరిగొచ్చి, ఆయన చేసిన మొదటి పని, ఆ కన్నంలోంచి చేయి పెట్టి కారుకి తాళం వేసి, తలుపు రెండుసార్లు లాగి చూసుకోవడం.

గోడ ఆ చోట వదిన వైపుకి ఉబ్బెత్తుగా లేపాలని తేలింది. బిగువైన రవికకి చంకలో ముక్క వేస్తారే, అలా. ఎంత ఉబ్బాలో చూడ్డానికి ఈసారి టైలరమ్మ కారు తలుపు బార్లా తెరిపించింది. ఒక కాలు బయట పెట్టి నిలబడమని భర్తకి చెప్పింది. ఆయన పొట్ట లోపలికి పీల్చి నిలబడ్డాడు.

"ఊపిరి వదలండి" అంది.

వదిలాడు. ఎంత వదిలాడో చూసి కండక్టరమ్మ నవ్వాపుకుంది.

"అడుగున్నర చాలదే చెల్లీ. ఇంకో రెండంగుళాలు వేసుకో. మరిది ఇంకా లావవుతాడు."

టైలరమ్మ నోరు తెరిచింది. ఏదో పదునుగానే వచ్చేట్టుంది. ఆయన పొట్ట వంక ఇంకోసారి చూసి నోరు మూసుకుంది.

"మూడు వెయ్యి మేస్త్రీ" అంది.