అడిగే మనిషి వెనక ఎవరున్నారు

మొన్న స్టోరులో బియ్యం కోసం మిషను మీద వేలు పెడితే అది కుయ్యిమని కూసింది. డీలరు బియ్యం తూస్తున్నాడు, నా మనసు మాత్రం మా ఊరి బడిలోకి వెళ్లిపోయింది. అట్లాంటి కూత నేను మొదటిసారి విన్నది అక్కడే, ఓటు వేసేటప్పుడు. కాగితం మీద ముద్ర గుద్దే కాలం పోయి, మీట నొక్కే మిషన్లు మా ఊరికి వచ్చిన మొదటి ఎన్నిక అది. ఓటు వేసి బయటికి వచ్చినవాళ్లను ఆపి, ఎవరికి వేశారని అడిగే మనిషిని చూసిందీ అప్పుడే. ఇప్పుడు టీవీలో ఆ సర్వేలు వస్తే చాలు, జనం నిజం చెప్తారా, బొంకుతారా అని మా ఇంట్లో మగవాళ్లు గొంతులు చించుకుంటారు. నాకు ఆ అనుమానం లేదు. నేను లచ్చుమత్త దగ్గర నేర్చుకున్నదాన్ని.

లచ్చుమత్త నాకు చుట్టం కాదు, పక్కింటి మనిషి. మా వీధి ఆడవాళ్ల కూలి గుంపుకు మేస్త్రి. కలుపుకైనా, చెనక్కాయ పీకడానికైనా రైతుతో మాట్లాడేది ఆమే, వెనకబడినవాళ్ల సాలు తాను అందుకుని ముందుకు తెచ్చేదీ ఆమే. పొట్టి మనిషి. గొంతు మాత్రం రెండు చేల అవతలికి వినబడేది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో కొడవలి పట్టడం కూడా సరిగా రాదు. "ఏం పిల్లా, గడ్డికి దండం పెడతాండావా, కోస్తాండావా?" అని అందరి ముందరా నవ్వించి, ఆ సాయంత్రమే నా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని నేర్పించింది.

ఆ ఎన్నిక వచ్చేసరికి వానలు వరసగా మోసం చేసి ఉన్నాయి. కదిరి వైపు పోయే ప్రతి బస్సులోనూ మూటలతో మావాళ్లే. బెంగళూరులో ఇటుకలు మోయడానికి పోయేవాళ్లు. నా చంకలో పాలు తాగే బిడ్డ. "ఈ ఎండాకాలం ఈడ పని దొరక్కపోతే మనమూ పోదాం" అని మా ఆయన అప్పటికే అనేశాడు. ఊర్లో మిగిలిన పని ఒక్కటే. పెద్ద రైతు గోవిందప్ప కొట్టంలో విత్తనం చెనక్కాయలు ఒలవడం. నీడపట్టున కూర్చుని, బిడ్డను పక్కన పడుకోబెట్టుకుని చేసుకునే పని. నేను ఊరు విడిచిపోవడమా, ఉండడమా అన్నది ఆ కొట్టం తలుపు మీదే ఆధారపడి ఉండింది. గోవిందప్ప ఓట్లకు నిలబడే మనిషి కాదు గానీ, ఊరి ఓట్లన్నీ ఒక గుర్తుకు వేయిస్తానని పైవాళ్లకు మాటిచ్చే మనిషి.

ఓట్ల రోజు బడికి కొంచెం దూరంలో, దారి పక్కన ఒక అమ్మాయి నిలబడింది. మెడలో కార్డు, చేతిలో అట్ట, ఎండకు కందిపోయిన ముఖం. సర్వే కోసం అనంతపురం నుంచి వచ్చిందట. ఆమెకు బారెడు దూరంలో గోడకు ఆనుకుని గోవిందప్ప మనిషి ఓబులేసు బీడీ కాలుస్తున్నాడు. ఏ పనీ లేనట్టు ఆకాశం చూస్తున్నాడు గానీ చెవులు రెండూ ఇటే. లచ్చుమత్త ముందు వచ్చింది. అడగకముందే, "గోవిందప్పన్న చెప్పిన గుర్తుకే తల్లీ, రాసుకో!" అని వీధి అదిరేటట్టు చెప్పింది. వెనక వచ్చిన మా గుంపు ఆడవాళ్లందరూ అదే మాట.

నా వంతు వచ్చింది. "చెప్పండమ్మా, పేరు రాయను" అంది ఆ అమ్మాయి మెత్తగా. మా అమ్మ నన్ను అబద్ధమాడితే కొట్టి పెంచింది. ఆ అమ్మాయి చేతిలోని అట్ట వైపే చూస్తూ నిలబడ్డాను. ఓబులేసు బీడీ నోట్లోంచి తీసి నా వైపు తిరిగాడు. అప్పుడు లచ్చుమత్త గిర్రున వెనక్కి వచ్చి నా రెక్క పట్టుకుంది. "దీనికి సిగ్గు తల్లీ! మొగుని పేరు చెప్పమన్నా ఇట్లే గుడ్లప్పగించి నిలబడుతుంది. ఇదీ దానికే, రాసుకో" అంది. అందరూ పగలబడి నవ్వారు. ఓబులేసూ నవ్వాడు. బీడీ మళ్లీ నోట్లోకి పోయింది.

మధ్యాహ్నం ఆ అమ్మాయి నీళ్లడుగుతూ మా వీధికి వస్తే, లచ్చుమత్త కూర్చోబెట్టి సంగటి, ఊరిబిండి పచ్చడి పెట్టింది. నేను మూల కూర్చుని బిడ్డకు పాలిస్తున్నాను. రెండు ముద్దలు తిన్నాక ఆ అమ్మాయి మెల్లగా అడిగింది.

"అత్తా, పొద్దున నాకు నిజమే చెప్పినారా?"

"అడిగింది నువ్వొక్కదానివేనా? నీ ఎనక ఓబులేసు కూడా అడిగినాడు కదమ్మా. ఇద్దరికీ కలిపి ఒకే జవాబు చెప్పినాను."

"అట్లయితే నేను రాసుకున్నదంతా అబద్ధమే."

"అబద్ధమెందుకైతుంది? ఎనక మనిషి నిలబడితే ఈ ఊరు ఏం మాట్లాడుతుందో అది రాసుకున్నావు. అదీ నిజమే."

ఆ అమ్మాయి నవ్వేసింది. "మా నాయన ముందర ఎవరన్నా అడిగితే నేను కూడా ఆయన గుర్తే చెప్తానత్తా."

"మరి ఏసింది ఎవరికి?"

ఆ అమ్మాయి చెంబెత్తి గడగడా నీళ్లు తాగింది. లచ్చుమత్త ఇంకో ముద్ద సంగటి వేసింది.

లెక్కింపు అయింది. ఇంతకుముందైతే అన్ని ఊర్ల కాగితాలూ కలిపేసేవాళ్లు కాబట్టి ఏ ఊరి మనసు ఏమిటో తెలిసేది కాదట. ఇప్పుడు మిషను వచ్చి మా బడిలో పడినవి విడిగా చెప్పేసింది. గోవిందప్ప గుర్తుకు సగం ఓట్లు కూడా లేవు. మరునాడే గుంపు మొత్తాన్నీ కొట్టం దగ్గరికి పిలిపించాడు. కొట్టం నిండా మూటలు, తలుపుకు తాళం. నా బిడ్డను గట్టిగా పట్టుకుని వెనక వరసలో నిలబడ్డాను.

"నా ఉప్పు తిని నాకు చెయ్యిచ్చినోళ్లు ఎవరో తెలియాల. వాళ్లకు ఈ కొట్టంలో పని లేదు. నీ గుంపులో ఎవరే లచ్చుమీ?"

"నన్నడుగుతావేంది అన్నా? ఓబులేసును అడుగు. ఆ పాప అడిగినప్పుడు ఈడున్నోళ్లం ఏం చెప్పినామో ఆయప్ప చెవులారా ఇన్నాడు."

ఓబులేసు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "అవునన్నా. అందరూ మనకే అన్నారు."

"చూడు మరి. ఒకరిని నిలిపెయ్యాలంటే ఎవరిని నిలిపేస్తావు? నిలిపితే అందరినీ నిలపాల. కాయలొలిచే మిషనుకు ఇస్తావా, విత్తనం పప్పు పగిలిపోతుంది, సగం మొలక రాదు. నాలుగు చినుకులు పడితే విత్తేదానికి గొర్రు కట్టాల. ఇంగ నీ ఇష్టం."

గోవిందప్ప మూటల వైపు చూశాడు, తలుపు తాళం వైపు చూశాడు. ఆయనకు తెలియదా? తెలుసు. మాకు తెలుసన్న సంగతీ తెలుసు. కానీ పట్టుకోవడానికి ఆయన చేతికి ఒక్క పేరూ దొరకలేదు. చివరికి ఆయన మూతి మీద నవ్వు కదిలింది. "నువ్వు ఎవరికేసినావే లచ్చుమీ?"

"నీకే అన్నా. ఓబులేసు ఇన్నాడు కదా."

"పో. రేపొద్దున రాండి అందరూ" అని తాళంచెవి ఓబులేసు మీదికి విసిరాడు. నేను బెంగళూరు బస్సు ఎక్కలేదు.

ఇంటికి వస్తూ దారిలో ఇద్దరమే మిగిలాక నేనూ అడిగాను. "అత్తా, నిజంగా ఎవరికేసినావు?" ఆమె నిలబడి ముందూ వెనకా చూసింది. కంపచెట్లు తప్ప ఎవరూ లేరు. నా చెవిలో చెప్పింది. ఏం చెప్పిందో ఇక్కడ రాయను. నేను ఎవరికి వేశానో కూడా రాయను.

అందుకే నాకు ధైర్యం, జనం నిజమే చెప్తారని. అడిగేవాళ్ల వెనక ఎవరూ లేకపోతే చెప్తారు. ఉంటే, ఆ ఉన్నవాడికి జవాబు చెప్తారు. దాన్ని మోసమని నేను అనుకోను. తమ కూడు, తమవాళ్ల కూడు కాపాడుకోవడం అది. ఎవరినైనా ఏదైనా అడిగేముందు, వాళ్ల ముఖం కంటే ముందు నా వెనక ఎవరున్నారో చూసుకోవడం అప్పటినుంచి నాకు అలవాటైంది.

ఆనాడు నా చంకలో ఉన్న బిడ్డ పెద్దదైంది. సంబంధం వాళ్లు వచ్చారు. మంచం మీద మా బావగారు, చాప మీద అటువైపు పెద్దలు. "పిల్లోడు నచ్చినాడా అమ్మా?" అని అందరి మధ్యలో అడిగితే తల ఊపింది. అందరూ సంతోషంగా ఆకువక్క అందుకున్నారు. నేను మాత్రం దూడకు నీళ్లు పెట్టాలని వంక పెట్టి పిల్లను పెరట్లోకి పిలిచాను. "ఇప్పుడు అడుగుతాండేది నేనొక్కదాన్నే. చెప్పు" అన్నాను. నా కూతురు నా ముఖం చూసింది. నా భుజం మీదుగా వెనక్కి చూసింది. నడిచిపోయి పెరటి తలుపు తానే దగ్గరగా వేసి వచ్చింది. అప్పుడు చెప్పింది.